పెబుల్ బీచ్‌లో ఒక్క రౌండు: ఆ డబ్బు ఎక్కడికి పోతుంది

శాన్ హోసే నుంచి గంటన్నర ప్రయాణం. బే ఏరియా తెలుగువాళ్లలో చాలామంది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సెవెంటీన్ మైల్ డ్రైవ్ చూపిస్తారు. రాతిమీద ఒంటరిగా నిలబడ్డ సైప్రస్ చెట్టు దగ్గర ఫోటో తీసుకుంటారు. సముద్రం అంచున పచ్చగా కనిపించే పెబుల్ బీచ్ గోల్ఫ్ మైదానాన్ని రోడ్డు మీంచి చూసి వెనక్కి వచ్చేస్తారు. గోల్ఫ్ ఆడేవాళ్లకు మాత్రం అక్కడే ఒక ప్రశ్న పట్టుకుంటుంది: పద్దెనిమిది హోల్స్‌కి 600 డాలర్లకు పైగా తీసుకునే ఈ చోటు నిజంగా అంత గొప్పదా?

ఆట వరకు చూస్తే గొప్పదే. కాకపోతే డబ్బు మొత్తం గ్రీన్ ఫీజు (ఆట రుసుము) లోనే పోతుందనుకుంటే లెక్క తప్పుతుంది. అసలు భారం గది అద్దె.

బుకింగ్ పద్ధతి ఇలా ఉంటుంది. రిసార్ట్‌లో బస చేసేవాళ్లు నెలల ముందే, గరిష్ఠంగా ఏడాదిన్నర ముందే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) తీసుకోవచ్చు. అందుకు కనీసం రెండు రాత్రులు ఉండాలి, రద్దీ రోజుల్లో అంతకన్నా ఎక్కువ అడుగుతారు. బస చేయనివాళ్లకు 24 గంటల ముందు మాత్రమే, అదీ ఖాళీ మిగిలితేనే. పద్దెనిమిదో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) పక్కనే ఉన్న ది లాడ్జ్ హోటల్‌లో గది రోజుకు వెయ్యి డాలర్లకు పైనే, సముద్రం వైపు గదులైతే ఇంకా పైన. రెండు రాత్రుల అద్దె, పన్నులు, ఇతర రుసుములు, గ్రీన్ ఫీజు, కేడీ (బ్యాగ్ మోస్తూ సలహా ఇచ్చే సహాయకుడు), భోజనం అన్నీ కలిపితే ఒంటరిగా వెళ్లిన మనిషికి ఒక్క రౌండు మూడు వేల డాలర్లు దాటుతుంది. ఒక గదిలో ఇద్దరు సర్దుకుంటే భారం కొంత తగ్గుతుంది. గోల్ఫ్ ఆడని కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఇదే పద్ధతిలో వెళ్లడం అన్నిటికన్నా ఖరీదైన దారి.

దీనికి బదులు మాంటెరీలోనో, ఇంకా చవకగా సీసైడ్, మెరీనా ఊళ్లలోనో మామూలు మోటెల్ తీసుకుని, ముందురోజు ఉదయాన్నే ప్రో షాప్ (మైదానం బుకింగ్ చూసే దుకాణం) కి ఫోన్ చేయడం మంచిది. ఒక్కరే అయితే ముగ్గురి జట్టులో నాలుగోవాడిగా సర్దే అవకాశం బాగానే ఉంటుంది. ఇద్దరికి కొంచెం కష్టం. నలుగురూ కలిసి ఒకే టైమ్‌లో ఆడాలంటే ఈ దారి నమ్ముకోవద్దు. వారాంతాలు, సెప్టెంబరు, అక్టోబరు నెలలు వదిలేసి, వారం మధ్యలో రెండు మూడు రోజులు అటూ ఇటూ జరుపుకునే వెసులుబాటు పెట్టుకుంటే దొరికే వీలు పెరుగుతుంది. ధరలు దాదాపు ఏటా మారతాయి కాబట్టి ఫోన్‌లోనే అడిగి రాసుకోండి.

ఇక మైదానం. 1919 ఫిబ్రవరిలో మొదలైంది. గీసినవాళ్లు జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్. అంతకుముందు ఇద్దరికీ మైదానాలు కట్టిన అనుభవం లేదు. 1929లో అమెరికా అమెచ్యూర్ పోటీ జరగబోతోందని చాండ్లర్ ఈగన్ గ్రీన్‌లనూ బంకర్లనూ (ఇసుక గుంటలు) తిరగదోడాడు. ఐదో హోల్ మొదట్లో లోపలివైపు ఉండేది. కొండ అంచున ఉన్న స్థలాన్ని కంపెనీ చాలా కాలం తర్వాత తిరిగి కొన్నాక, దిగ్గజ ఆటగాడు జాక్ నిక్లస్ గీసిన కొత్త ఐదో హోల్ 1998లో వచ్చింది. యూఎస్ ఓపెన్ ఇక్కడ 1972, 1982, 1992, 2000, 2010, 2019లో జరిగింది. ఇంత పేరున్నా ఇది క్లబ్ సభ్యులకే పరిమితం కాకుండా మిగలడం ఒక అదృష్టం. 1990లో కొన్న జపాన్ వ్యాపారి సభ్యత్వాలు అమ్మాలనుకున్నప్పుడు కాలిఫోర్నియా తీరప్రాంత కమిషన్ అడ్డుపడింది. అది జరక్కపోతే ఎంత డబ్బు పెట్టినా బయటివాళ్లకు ఇక్కడ చోటు దొరకడం కష్టమయ్యేది.

నిరాశపడి వచ్చేవాళ్లు సాధారణంగా మొదటి మూడు హోల్స్ గురించే మాట్లాడతారు. మొదటిది చాలా మామూలు హోల్, కుడివైపు వంపు, పక్కన గదులు, ఇళ్లు. సముద్రం నాలుగో హోల్ దగ్గర మొదలై పదో హోల్ దాకా వదలదు. మళ్లీ పదిహేడు, పద్దెనిమిది. అంటే సగం మైదానం తీరంలో, సగం లోపల. లోపలి సగంలో పదకొండు, పన్నెండు, పదమూడు వేరే చోట ఉంటే ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పద్నాలుగు మాత్రం ప్రత్యేకం. పొడవైన పార్ 5 (ఐదు షాట్లలో ముగించాల్సిన హోల్), గ్రీన్ ముందు ఎడమవైపు లోతైన బంకర్, దాని వెనక చిన్న అరుగులాంటి చదును. మూడో షాట్ ఆ అరుగు మీద పడకపోతే కుడివైపు నుంచి జారి కిందికి వచ్చేస్తుంది. దిగ్గజ ఆటగాళ్లు కూడా ఇక్కడ పెద్ద అంకెలు రాసుకున్నారు.

డబ్బుకు తగిన ఆట ఆరు నుంచి పది వరకు. ఏడో హోల్ దాదాపు 106 గజాలు, పోటీలకు వాడే మైదానాల్లో ఇంత పొట్టిది అరుదు. గాలి లేని పొద్దున వెడ్జ్ (పొట్టి దూరాలకు వాడే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) చాలు. గాలి ఎదురొస్తే ఇంకా దూరం పోయే మిడిల్ ఐరన్ తీయాల్సి రావచ్చు. 1992 యూఎస్ ఓపెన్ చివరి రోజు గాలి విరుచుకుపడినప్పుడు టామ్ కైట్ ఇక్కడ గ్రీన్ బయటి నుంచి చిప్ (పొట్టి షాట్) చేసి బంతిని నేరుగా హోల్‌లో వేసి, చివరికి గెలిచాడు.

ఎనిమిదోదాని కోసమే ప్రపంచం ఇక్కడికి వస్తుందంటే అతిశయోక్తి కాదు. టీ షాట్ (మొదటి దెబ్బ) గుట్ట పైకి, ఫెయిర్‌వే (బంతి పడాల్సిన కత్తిరించిన గడ్డి దారి) కనిపించకుండా కొట్టాలి. సుమారు 240 గజాల దగ్గర ఫెయిర్‌వే తెగిపోయి కొండచరియ వస్తుంది. కాబట్టి అన్నిటికన్నా దూరం పోయే క్లబ్ డ్రైవర్ తీయకూడదు. త్రీ వుడ్ లేదా హైబ్రిడ్‌తో గుట్ట మీద ఆపుకోవాలి. అంచుకు నడిచి వెళ్తే కింద సముద్రం, అవతల చిన్న గ్రీన్, మధ్యలో 180 గజాలకు అటూ ఇటూ ఖాళీ. ధైర్యం చాలనివాళ్లకు ఎడమవైపు నేల ఉంది, అక్కడ కొట్టి బోగీ (పార్ కన్నా ఒక షాట్ ఎక్కువ) తో సరిపెట్టుకోవచ్చు. సగటు ఆటగాడికి అదే సరైన ఆట.

తొమ్మిది, పది హోల్స్‌లో ఒక చిక్కు చాలామందికి బంతి పోగొట్టుకున్నాక అర్థమవుతుంది. కుడిపక్క సముద్రం, ఫెయిర్‌వే నేల కూడా కుడివైపే వాలు. కుడిచేతి ఆటగాడికి బంతి పాదాలకన్నా కిందుంటుంది, అలాంటి బంతి కొడితే కుడికే తిరుగుతుంది. గురి ఎడమకు పెట్టి, ఇంకాస్త దూరం పోయే క్లబ్ తీసుకుని, సగం ఊపుతోనే కొట్టాలి. పద్దెనిమిదికి వచ్చేసరికి సముద్రం ఎడమవైపు మారుతుంది. అప్పటిదాకా కుడికి భయపడి ఎడమకు లాగిన చెయ్యి అక్కడ నేరుగా నీళ్లలోకి పంపిస్తుంది.

గ్రీన్‌లు చాలా చిన్నవి, సగటున 3,500 చదరపు అడుగులే. దాదాపు అన్నీ ఏదో ఒక వైపు గట్టిగా వాలి ఉంటాయి. హోల్‌కి పైన ఆగిన బంతి మూడు పుట్‌ల (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు) కింద లెక్క. కాబట్టి జెండాకు ముందే, పొట్టిగా ఆపడం నేర్చుకోండి. గ్రీన్ మీది గడ్డి పోవా ఆనువా అనే రకం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బెర్ముడా గడ్డి మీద ఆడటం అలవాటున్నవాళ్లకు ఇది కొత్త. ఉదయం నున్నగా ఉండి, పగలు గడ్డి ఎదుగుతూ చిన్న చిన్న గింజ కంకులు వేసేసరికి మధ్యాహ్నానికి బంతి ఎగుడుదిగుడుగా పోతుంది. మూడడుగుల పుట్ తప్పితే మీ చేతి తప్పే కానక్కర్లేదు. చల్లటి బరువైన సముద్రపు గాలిలో బంతి దూరం కూడా తగ్గుతుంది, కాబట్టి మామూలు లెక్కకు ఒక క్లబ్ కలుపుకోండి.

కార్ట్‌లు (గోల్ఫ్ బండ్లు) ఇక్కడ దారి దాటి ఫెయిర్‌వే మీదికి రాకూడదు. దాంతో కార్ట్ తీసుకున్నవాళ్లు బంతి దగ్గరికీ కార్ట్ దగ్గరికీ నడిచే నడకే ఎక్కువవుతుంది. క్లబ్ ఏది కావాలో తెలియక రెండోసారి వెనక్కి వస్తారు. నడవగలిగితే నడవండి, కేడీని తీసుకోండి. ఒక బ్యాగ్‌కి వంద డాలర్లు దాటుతుంది, టిప్ వేరు. అయినా ఈ మొత్తం యాత్రలో నిజంగా పనికొచ్చే ఖర్చు ఇదే. ఆ గ్రీన్‌ల వాలు కొత్తవాళ్ల కంటికి పట్టదు. సముద్రం వైపు లాగే నేలను కళ్లు సమంగా ఉందని చెబుతాయి, కేడీ మాట వినండి. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) ఎంచుకునేటప్పుడు పౌరుషానికి పోవద్దు. వెనక నీలం టీలు 6,800 గజాలు దాటతాయి. 15 పైన హాండికాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆట) ఉన్నవాళ్లకు ముందు టీల నుంచే ఈ మైదానం ఆనందంగా ఉంటుంది.

రౌండు ఐదు గంటలకు తక్కువ పట్టదు. ఫోటోల కోసం ఏడో టీ దగ్గర, ఎనిమిదో అంచు దగ్గర జనం ఆగుతారు. డిసెంబరులో సూర్యుడు ఐదు గంటలకే వెళ్లిపోతాడు కాబట్టి పదకొండు దాటిన టీ టైమ్ ఇస్తే వద్దనండి. చీకట్లో పదిహేడు, పద్దెనిమిది వదిలేసి రావాల్సి వస్తే మీరు డబ్బు కట్టిన సముద్రంలో పెద్ద భాగం పోయినట్టే. పదిహేడో గ్రీన్ దగ్గరే 1982 యూఎస్ ఓపెన్‌లో టామ్ వాట్సన్ రఫ్ (పొడవు గడ్డి) నుంచి చిప్ చేసి బంతిని హోల్‌లో వేసి నిక్లస్‌ను ఓడించాడు. వేసవిలో, ముఖ్యంగా జూన్, జులైలో పొగమంచు కమ్మి పక్క హోల్ కూడా కనిపించని రోజులుంటాయి. ఆకాశం తేటగా ఉండేది సెప్టెంబరు, అక్టోబరులో. జనవరి నుంచి మార్చి దాకా వానలు. ఏ నెలైనా స్వెటర్, గాలి ఆపే జాకెట్ రెండూ ఉండాలి. ఇంకోటి, గడ్డి వేళ్లకు గాలి అందేలా గ్రీన్‌లకు రంధ్రాలు వేసే రోజులు ఎప్పుడో ముందే అడగండి. ఆ వారంలో పూర్తి ధర కట్టడం నష్టమే.

రెండో రౌండుకి ఇంకో 600 డాలర్లు పెట్టొద్దు. అదే కంపెనీది, 1966లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గీసిన స్పైగ్లాస్ హిల్ ఉంది. ఇసుక దిబ్బల్లో మొదలై పైన్ అడవిలోకి పోతుంది, ధర తక్కువ. ఆట కష్టం మాత్రం పెబుల్ బీచ్‌కన్నా ఎక్కువ. నిజంగా చేతికి చవకైనది పదిహేను నిమిషాల దూరంలో ఉన్న పసిఫిక్ గ్రోవ్ పురపాలక మైదానం. మొదటి తొమ్మిది ఇళ్ల మధ్య, తర్వాతి తొమ్మిది పాయింట్ పినోస్ దీపస్తంభం చుట్టూ ఇసుక దిబ్బల్లో. ఆ రెండో సగం గీసింది కూడా జాక్ నెవిలే. ఆట సరళం, నేల పెబుల్ బీచ్ అంత తీర్చిదిద్దినది కాదు. అదే సముద్రం, అదే గాలి మాత్రం పెబుల్ బీచ్ ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. ఇద్దరు పిల్లలతో వెళ్లే కుటుంబానికి ఇదే సరైన చోటు.

ఆడకపోయినా ఆ సౌందర్యం చూడొచ్చు. సెవెంటీన్ మైల్ డ్రైవ్‌కి కారుకు ప్రవేశ రుసుము ఉంటుంది. రిసార్ట్ రెస్టారెంట్లలో నిర్ణీత మొత్తం ఖర్చు చేస్తే ఆ రుసుము బిల్లులో తగ్గిస్తారు, గేటు దగ్గర ఇచ్చిన రసీదు పారేయకండి. సైకిళ్లకు రుసుము లేదు. లాడ్జ్ వెనక పద్దెనిమిదో గ్రీన్ పక్కన పచ్చిక దగ్గరికి ఎవరైనా వెళ్లి నిలబడొచ్చు. సాయంత్రం నాలుగు తర్వాత అక్కడికి చేరితే, ఆ రోజు ఆడిన జట్లు ఒక్కొక్కటే ఎడమ పక్క అలలను చూసుకుంటూ ఆఖరి షాట్లు కొడుతూ వస్తాయి.