సముద్రతీరంలో మూడు రోజులు: గోల్ఫ్ కోర్సుల ఎంపికకు నేను వాడిన పట్టిక

ఈ సమీక్ష నా నోటు పుస్తకంలో చేత్తో గీసుకున్న ఒక పట్టిక గురించి. సముద్రతీరానికి మూడు నాలుగు రోజులకు మించని గోల్ఫ్ ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా, అక్కడి కోర్సులలో వేటిని ఆడాలి, వేటిని వదిలిపెట్టాలి, ఏది ఏ రోజున ఆడాలి అన్నది తేల్చుకోవడానికి దీనిని తొమ్మిదేళ్లుగా, పద్నాలుగు ప్రయాణాలలో వాడాను. ఈ కాలమంతా నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె; ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు) 16కు అటూ ఇటూగానే ఉంది. డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే గోల్ఫ్ కర్రతో, కొట్టిన బంతి 200 గజాలు వెళితే ఆ రోజు నాకు మంచి రోజే. చాలాసార్లు నాతో కలిసి ఆడినది నా భార్య. ఆమె ఇండెక్స్ 27. ఈ అంకెలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇండెక్స్ 5 ఉన్న ఆటగాడికి ఈ పట్టికలో సగం గడులు అక్కరలేదు.

పట్టిక లేని రోజులలో నేను ఫొటోలు చూసి కోర్సులను ఎంచుకునేవాణ్ణి. అలా వెళ్లిన ఒక ప్రయాణంలో మూడు రోజులలో ఐదు రౌండ్లు బుక్ చేశాను. నాలుగో రౌండు సగానికి వచ్చేసరికి నడుము తిరగడం మానేసింది, ఐదో రౌండులో స్కోరు రాయడం నేనే మానేశాను. పైగా ఫొటోలో కనిపించిన సముద్రం ఆ కోర్సులోని పద్దెనిమిది హోళ్లలో (హోల్ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటి నుంచి గుంట దాకా సాగే ఆట భాగం) రెండింటికే ఉంది. మిగిలిన పదహారూ చెట్ల మధ్య, ఇళ్ల వెనుక, చెరువుల పక్కన సాగాయి. ఇందులో మోసమేమీ లేదని తరువాత అర్థమైంది. సముద్రానికి పేరుపడ్డ కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ కోర్సులో కూడా తీరాన్ని ఆనుకుని ఉన్నవి 4 నుంచి 10 వరకూ, ఆపైన 17, 18, అంటే మొత్తం తొమ్మిది హోళ్లే. మరోచోట మూడు నాలుగు ఉంటే సంతోషించవలసిందే. అందుకే నా పట్టికలో సముద్రం కనిపించే హోళ్ల సంఖ్యకు ఒక గడి ఉంది కాని, దానిని చిట్టచివరన పెట్టాను.

మొదటి గడి దూరానిది. 5 ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే కర్ర) మీరు మామూలుగా కొట్టగలిగే దూరాన్ని 36తో హెచ్చిస్తే, మీకు తగిన కోర్సు మొత్తం పొడవు ఎన్ని గజాలో సుమారుగా తెలుస్తుందని గోల్ఫర్లలో ఒక లెక్క ఉంది. నాకు 150 గజాలు; హెచ్చిస్తే 5,400. అమెరికా గోల్ఫ్ సంఘం, అక్కడి ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం కలిసి 2011లో ముందు టీల నుంచి (మొదటి దెబ్బ కొట్టే స్థలాలలో గుంటకు దగ్గరగా ఉన్నవాటి నుంచి) ఆడమని ప్రచారం చేసినప్పుడు, డ్రైవర్‌తో 200 గజాలు కొట్టేవారికి సూచించిన పొడవు 5,200 నుంచి 5,400 గజాలు. రెండు లెక్కలూ ఒకే చోటికి చేరడంతో నా అహంకారానికి ఇక వాదించడానికి ఏమీ మిగలలేదు. తీరానికి వెళ్లిన మొదటి రోజున ఉత్సాహం కొద్దీ 6,500 గజాల టీల మీద నిలబడే అలవాటు ఆ తరువాత పోయింది. సముద్రమట్టానికి ఎగువన, ఎత్తైన ప్రాంతాలలో ఆడేవారు ఇక్కడ ఇంకో సంగతి కలుపుకోవాలి. సుమారు 1,600 మీటర్ల ఎత్తున గాలి పలుచగా ఉండడం వల్ల బంతి దాదాపు 6 శాతం ఎక్కువ దూరం పోతుంది. తీరానికి దిగగానే ఆ అదనం మాయమవుతుంది. దానికి కారణం తీరంలోని తేమ అని చాలామంది అంటారు గాని, అది పొరపాటు. తేమగాలి పొడిగాలి కంటే తేలిక. బంతిని వెనక్కు లాగేవి తక్కువ ఎత్తూ, చల్లదనమూ.

మొత్తం పొడవు ఒక్కటే చూస్తే చాలదని నా భార్య ఆట వల్ల తెలిసింది. కొత్తగా నేర్చుకునేవారికి కూడా అనుకూలమని చెప్పుకున్న ఒక తీర కోర్సులో, ముందు టీల నుంచి సైతం నాలుగు హోళ్లలో బంతిని చిత్తడి నేల మీదుగా 120 గజాలకు పైగా గాలిలోనే దాటించాలి. పక్కనుంచి పోవడానికి దారి లేదు. స్కోర్‌కార్డులో ఆ కోర్సు పొడవు 4,700 గజాలు, కాగితం మీద ఎంతో సౌమ్యం. ఆమె ఆ రోజు తొమ్మిది బంతులు పోగొట్టుకుని, పన్నెండో హోల్ దగ్గర బ్యాగు జిప్పు మూసేసింది. అప్పటి నుంచి ప్రతి కోర్సునూ ఉపగ్రహ చిత్రంలో హోల్ తరువాత హోల్ చూసి, టీకీ ఫెయిర్‌వేకూ (గుంట వైపు సాగే, కత్తిరించిన గడ్డి దారి) మధ్య తప్పించుకోలేని నీరు ఎన్ని గజాలుందో కొలిచి రాస్తున్నాను. అరగంట పని. పట్టిక మొత్తంలో అత్యంత ఉపయోగపడిన గడి ఏదంటే ఇదే అంటాను.

స్లోప్ రేటింగ్ గడిని చాలామంది తప్పుగా చదువుతారు కనుక దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ అంకె 55 నుంచి 155 వరకు ఉంటుంది. 113ను ప్రమాణంగా తీసుకుంటారు. ఇది కోర్సు ఎంత కష్టమో నేరుగా చెప్పదు. స్క్రాచ్ ఆటగాడితో (హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవాడు) పోలిస్తే బోగీ ఆటగాడికి (హ్యాండిక్యాప్ సుమారు 20 ఉన్న మామూలు ఆటగాడు) ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చెబుతుంది. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో ఇండెక్స్‌ను స్లోప్‌తో హెచ్చించి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్‌కూ (స్క్రాచ్ ఆటగాడికి అక్కడ రావలసిన స్కోరు) పార్‌కూ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) ఉన్న తేడా కలుపుతారు. ఆ తేడాను పక్కన పెడితే, 16 ఇండెక్స్ ఉన్న నాకు 113 స్లోప్ కోర్సులో 16 స్ట్రోకుల (దెబ్బల) మినహాయింపు వస్తుంది, 141 స్లోప్ కోర్సులో 20 వస్తుంది. ఆ నాలుగు స్ట్రోకులు ఎక్కడ పోతాయన్నది మాత్రం అంకె చెప్పదు. సాధారణంగా నీటిలో, లోతైన బంకర్లలో (ఇసుక గుంటలలో), ఏపుగా పెరిగిన గడ్డిలో పోతాయి. ఒకే కోర్సుకు టీని బట్టి స్లోప్ మారుతుంది, స్త్రీలకూ పురుషులకూ వేరువేరుగా ఉంటుంది. కనుక కోర్సుకు ఒక్కటే స్లోప్ ఉన్నట్టు రాసుకోకుండా, మనం ఆడబోయే టీ అంకెను వెతికి రాసుకోవాలి. మూడు రోజుల ప్రయాణంలో 135 దాటిన కోర్సును నేను ఒక్కటి మించి పెట్టుకోను.

ఇక గాలి. సముద్రతీర గోల్ఫ్‌లో సగం ఆట దీనిదే, నా పట్టిక అతి కష్టంగా పట్టుకోగలిగినదీ దీనినే. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలపై గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. వాతావరణం మామూలుగా ఉన్న రోజులలో ఇది పొద్దున పది, పదకొండు గంటల వేళ మొదలై మధ్యాహ్నానికి బలపడి సాయంత్రం తగ్గుతుంది. అందుకే తీరానికి అతి దగ్గరగా ఉన్న కోర్సుకు ఏడు, ఏడున్నర టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరికితేనే తీసుకుంటాను; లోపలికి, చెట్ల చాటున ఉన్న కోర్సును మధ్యాహ్నానికి ఉంచుతాను. ఈ ఒక్క మార్పు నాకు రౌండుకు నాలుగైదు స్ట్రోకులు మిగిల్చిందని నోటు పుస్తకం చెబుతోంది. ఎదురుగాలి లాక్కున్నంత దూరాన్ని వెనుకగాలి తిరిగి ఇవ్వదు. ఎదురుగాలిలో బంతి మీదుగా పోయే గాలి వేగం పెరిగి, దాన్ని పైకి లేపే బలమూ, వెనక్కు లాగే బలమూ రెండూ పెరుగుతాయి. బంతి ఆకాశంలో నిలిచిపోయినట్టు లేచి కాళ్ల ముందు పడుతుంది. గట్టిగా కొట్టినకొద్దీ స్పిన్ పెరిగి ఇంకా పైకి లేస్తుంది కాబట్టి, ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు (కర్ర) తీసుకుని నెమ్మదిగా కొట్టడమే దారి. పెబుల్ బీచ్ ఏడో హోల్ 106 గజాల చిన్న పార్ 3 (మూడు దెబ్బలలో ముగించవలసిన హోల్) అయినా, గాలి లేచిన రోజున ఎవరూ దాన్ని చిన్నదిగా చూడకపోవడానికి కారణమిదే.

గాలి ఎంతుందన్న దానితోపాటు, కోర్సు ఏ దిక్కుగా సాగుతుందన్నది కూడా చూడాలి. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు వంటి పాత లింక్స్‌లో (తీరపు ఇసుక నేలల మీది కోర్సులలో) తొలి హోళ్లు ఒక దిక్కుగా వెళ్లి, మిగిలినవి అదే దారిన వెనక్కు వస్తాయి. అంటే గంటల తరబడి ఎదురుగాలి తినవలసి రావచ్చు. స్కాట్లాండ్‌లోనే ఉన్న మ్యూర్‌ఫీల్డ్‌లో మొదటి తొమ్మిది హోళ్లు గడియారం ముల్లు తిరిగే దిశలో, తరువాతి తొమ్మిది వాటి లోపల ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి గాలి ఒక్కో హోల్‌లో ఒక్కో వైపు నుంచి తగులుతుంది. నాలాంటి ఆటగాడికి రెండో రకమే నయం: ఒక హోల్‌లో చచ్చినా తరువాతి హోల్‌లో ఊపిరి వస్తుంది.

గ్రీన్ల (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి నేలల) సంగతి ఫోనులో అడిగి తెలుసుకోవలసిందే. ఏరేషన్ అంటే గ్రీన్ నిండా చిన్న చిన్న మట్టి కడ్డీలను పెరికి, ఆ రంధ్రాలను ఇసుకతో నింపడం. వేళ్లకు గాలి ఆడడానికి అది తప్పనిసరి. కాని ఆ తరువాత సుమారు రెండు వారాలపాటు పట్ కొట్టడం (బంతిని గుంటలోకి దొర్లించడం) గులకరాళ్ల మీద గోళీ దొర్లించినట్టు ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఈ మాట తమంతట తాము చెప్పిన కోర్సులు నాకు చాలా తక్కువ తగిలాయి. ఒకసారి ఆ ప్రయాణానికే ముఖ్యమనుకున్న కోర్సుకు వెళ్లి, మొదటి గ్రీన్ మీద అడుగుపెట్టాక గాని నాకు ఆ విషయం తెలియలేదు. ఇప్పుడు "చివరి ఏరేషన్ ఏ తేదీన చేశారు, తరువాతిది ఎప్పుడు?" అని రెండు ప్రశ్నలూ అడుగుతున్నాను. బెర్ముడా గడ్డి కోర్సులలో శరదృతువులో రై గడ్డి విత్తనాలు చల్లే వారాలు కూడా ఇలాంటివే: కార్టును (ఆటగాళ్ల బండిని) దారి దిగనివ్వరు, గ్రీన్లు నెమ్మదిస్తాయి. ఉప్పునీటిని తట్టుకుంటుంది కాబట్టి తీరాన చాలాచోట్ల పాస్పాలమ్ అనే గడ్డి వేస్తున్నారు. దాని మీద బంతి పైకి కూర్చుంటుంది, కాని దొర్లుతూ పోయే షాట్లు త్వరగా ఆగిపోతాయి.

ప్రయాణ దూరం గడి సులువైనది: బస నుంచి 40 నిమిషాలు దాటితే కొట్టివేత. రౌండుకే నాలుగు గంటలకు పైగా పడుతుంది. దానికి గంటన్నర దారి కలిస్తే ఆ పూట అయిపోయినట్టే. రెండు బృందాల మధ్య ఎన్ని నిమిషాలు వదులుతారన్నది కూడా దీని పక్కనే రాస్తాను. నలుగురు ఒక పార్ 3 ముగించడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఏడెనిమిది నిమిషాలకొక బృందాన్ని వదిలే కోర్సులో మొదటి పార్ 3 దగ్గరే వరుస పేరుకుంటుంది, అది సాయంత్రం దాకా కరగదు.

అన్ని గడులూ నిండాక క్రమం తేల్చాలి. పేరుమోసిన కోర్సును నేను మొదటి రోజున పెట్టను, చివరి రోజునా పెట్టను. మొదటి రోజు గాలికీ గడ్డికీ చెయ్యి అలవాటు పడాలి; చివరి రోజు మనసు ప్రయాణపు సంచుల మీద ఉంటుంది. నడిమి రోజు ఉదయం దానిది. క్యాలెండర్ కూడా చూసుకోవాలి: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు, ముందస్తు బుకింగ్ లేనివారు రెండు రోజుల ముందు లాటరీలో పేరివ్వాలి. శుక్రవారం రాత్రి చేరి ఆదివారం తిరిగి వెళ్లేవారికి మిగిలేది ఒక్క శనివారమే, అదీ లాటరీ తగిలితేనే. అలాంటప్పుడు పక్క కోర్సును ముందే బుక్ చేసుకుని, పెద్దది దొరికితే అదృష్టమనుకోవడం మేలు.

ఈ పట్టిక లోపాలూ చెప్పాలి. స్లోప్ మామూలు రోజును దృష్టిలో పెట్టుకుని వేసినది. మీరు వెళ్లిన రోజున వీచే గాలి దానికి తెలియదు. అంకెలన్నీ సరిపోయిన కోర్సులు రెండు, ఆడుతున్నంతసేపూ ఏ హోల్ ఏదో గుర్తులేనంత చప్పగా ఉన్నాయి. మరొకటి నా లెక్క ప్రకారం ఎప్పుడో కొట్టివేయవలసినది; తోటి ఆటగాడి పట్టుదల వల్ల ఆడాను, ఇప్పటికీ పదిహేనో హోల్ నుంచి చూసిన ఆటుపోట్ల నేల కళ్ల ముందుంది. ఆ రోజు స్కోరు 104. అందుకని నాలుగేళ్ల క్రితం ఒక నియమం చేర్చాను: ప్రతి ప్రయాణంలో ఒక కోర్సును పట్టికకు చూపించకుండా ఎంచుకోవాలి. ఇప్పటికి అలా ఆడినవి ఆరు. రెండు బాగున్నాయి, మూడు ఫరవాలేదు, ఒకదానిలో మాత్రం వాన వచ్చి ఏడో హోల్ దగ్గరే వెనక్కు తిరిగాం. వచ్చే ప్రయాణానికి ఆ గడిలో ఏ పేరు రాయాలన్నది నా భార్య వంతు. ఉపగ్రహ చిత్రం చూడనివ్వనని ఆమె ఇప్పటికే చెప్పేసింది.