హెడ్డు పోర్టులో పోత గరుకు తీయడానికి ఏది మేలు: కార్బైడ్ బర్రా, ఎమరీ రోలా?

బుల్లెట్, పల్సర్ లాంటి బండ్ల హెడ్డు విప్పినవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. పోర్టు అంటే ఇంజిన్ హెడ్డులో గాలి, పొగ వెళ్లే దారి; పోత పోసినప్పుడు దాని గోడ గరుకుగా మిగులుతుంది. ఈమధ్యే ఒక కార్బ్యురేటర్ బండి అల్యూమినియం హెడ్డుకు రెండూ వాడాను కాబట్టి రాస్తున్నాను.

బర్ అంటే గిరగిరా తిరుగుతూ లోహాన్ని కోసే పళ్ల బిట్టు; పని త్వరగా అయ్యేది దాంతోనే. అచ్చు ముక్కలు కలిసిన చోట లేచిన గీత, వాల్వు కూర్చునే సీటు రింగు కింద అల్యూమినియం మొదలయ్యే దగ్గర ఉండే మెట్టు, ఇలాంటివి ఇట్టే లేచిపోతాయి. స్టీలుకు వాడే సన్న పళ్ల బర్ మాత్రం కొనకండి, పళ్ల సందుల్లో అల్యూమినియం ఇరుక్కుని తెగడం మానేస్తుంది. వెడల్పు గాడులున్నది అడిగి తీసుకుని, కాస్త మైనం రాసి వాడండి. ఎమరీ రోల్ (తిరిగే బిట్టుకు తగిలించే గరుకు కాగితం చుట్ట) నెమ్మది. త్వరగా అరుగుతుంది, ఒక్క హెడ్డుకే చాలా రోళ్లు కావాలి.

అయినా నా ఓటు రోల్‌కే. చెయ్యి జారితే ఎంత నష్టం అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. బర్ ఒక్కోసారి లోహాన్ని పట్టుకుని ఎగురుతుంది. అది సీటుకు తగిలిందంటే కంప్రెషన్ లీకవుతుంది, లేత్ షాపులో సీటు మళ్లీ కట్ చేయించాల్సిందే. అంతకన్నా ప్రమాదం పోర్టు అడుగు భాగం వంపు తిరిగి సీటు వైపు దిగే చోట ఉంది. గాలి తిరగాల్సింది అక్కడే. ఆ వంపును బర్‌తో చదును చేస్తే గాలి గోడను వదిలేసి పోతుంది, ఫ్లో పెరగకపోగా తగ్గుతుంది. పోయిన లోహం వెల్డింగ్ చేస్తే తప్ప తిరిగి రాదు. రోల్ ఉన్న ఆకారాన్నే అనుసరిస్తూ లేచిన బొడిపెనే ముందు తింటుంది. అందుకే బర్‌ను పెద్ద గీతలకే వాడి, వెంటనే పక్కన పెట్టేస్తాను. పైపు బిగించే మేనిఫోల్డ్ వైపు నుంచి రుద్దేటప్పుడు పాత వాల్వు ఒకటి సీటులో కూర్చోబెడితే టెన్షన్ ఉండదు.

ఇన్‌టేక్‌ను (గాలి, పెట్రోలు లోపలికి వచ్చే పోర్టు) అద్దంలా మెరిపించాలని చాలామందికి ఆశ. దయచేసి వద్దు. కార్బ్యురేటర్ బండిలో పెట్రోలు తుంపర్లు పోర్టు గోడకు అంటుతాయి. మరీ నున్నటి గోడ మీద అవి పాయలుగా జారతాయి, కొంచెం గరుకుంటే మళ్లీ గాలిలో కలవడం తేలిక. 80 నంబరు ఎమరీ దగ్గర ఆపేయండి (నంబరు పెరిగేకొద్దీ నునుపు). ఎగ్జాస్ట్‌ను (పొగ బయటికి పోయే పోర్టు) 220 దాకా తీసుకెళ్లొచ్చు, అక్కడ నునుపు ఉంటే మసి తక్కువ పడుతుంది. పోతలో పడ్డ సూది బెజ్జాలు కనిపిస్తే వాటి వెంట పడొద్దు. అరగదీసేకొద్దీ లోపల దాగినవి బయటపడతాయి, గోడ పలచబడుతుంది.

సానరాయి బిట్టు ఇనుప హెడ్డుకు సరే, అల్యూమినియంకు మూసుకుపోతుంది. చేతి ఆకురాయి పోర్టు మూతి దాకే పనికొస్తుంది.

ఏది వాడినా చివర్లో సబ్బు నీళ్లతో కడిగి, ఆయిల్ దారులన్నిటిలోకీ గాలి కొట్టి, ఆరాకే బిగించండి. ఒక్క ఎమరీ రేణువు మిగిలినా అది పిస్టన్ రింగులనూ సిలిండర్ బోరునూ గీరేస్తుంది.