‘పాలు లేనిది’ అని రాసి ఉన్న బాదం పసుపు పొడి కొంటున్నారా? డబ్బా వెనక్కి తిప్పి చూడండి

శ్రీకాకుళం, చుట్టుపక్కల ఊళ్లవారు, ముఖ్యంగా ఇంట్లో పాలు పడని పిల్లలున్నవారు ఇది తప్పకుండా చదవండి. చలి మొదలవగానే మన దుకాణాల్లో బాదం, పసుపు, శొంఠి, మిరియాలు కలిపిన పొడులు వరుస కడతాయి. వేడినీళ్లలో కలుపుకుంటే చాలని, పాలు అక్కర్లేదని, పాలు పడనివారికి ప్రత్యేకమని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. అలాంటి ఒక డబ్బాలో పాల నుంచి తీసిన ప్రోటీన్ ఉంది. అది తాగిన నా మేనకోడలిని అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

దుకాణం పేరు, తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు చేశాం, అది తేలాలి. అయినా ఒక్క పేరు తెలుసుకుని దాన్ని మానేస్తే తీరిపోయే సంగతి కాదిది. ఇదే పదార్థం చాలా రకాల పొడుల్లో వేరువేరు పేర్లతో ఉంటుంది. ఆ పేర్లు తెలియడమే మనకు ముఖ్యం.

మా తమ్ముడి కూతురికి ఐదేళ్లు. పసితనం నుంచి పాల ఎలర్జీ ఉంది. ఆవు పాలు, గేదె పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ముట్టదు. ఏది అడగాలో ఏది అడగకూడదో ఆ వయసుకే నేర్చుకున్న పిల్ల. ధనుర్మాసం చలిలో మిగతా పిల్లలు వేడి పాలు తాగుతుంటే తనకూ ఏదైనా వేడిగా కావాలని అడిగింది. మా మరదలు దుకాణంలో విషయం వివరంగా చెప్పి, ‘పాలు అసలు కలవనిది ఇవ్వండి’ అని అడిగి మరీ ఈ డబ్బా తెచ్చింది. రెండు వందల గ్రాములకు నాలుగు వందల యాభై రూపాయలు. పడుకునే ముందు చిన్న గ్లాసుడు కలిపి ఇచ్చింది. కాసేపటికే పెదవుల చుట్టూ దద్దుర్లు లేచాయి. కళ్లు ఉబ్బాయి. వాంతి చేసుకుంది, ఆ వెంటనే దగ్గు, ఆయాసం. ఆస్పత్రిలో తొడకు ఇంజెక్షన్ ఇచ్చి, మళ్లీ తిరగబెడుతుందేమోనని కొన్ని గంటలు అక్కడే ఉంచారు. ఇప్పుడు బాగానే ఉంది. కానీ గ్లాసు చేతికిస్తే ‘ఇందులో ఏముంది అత్తా’ అని అడుగుతోంది. ఆ ప్రశ్న ఆ డబ్బా అమ్మినవారికి వినిపించాలి.

మర్నాడు డబ్బా తీసి చూశాం. ముందువైపు బాదం గింజల కుప్ప, పసుపు కొమ్ములు, ఆవిరి చిమ్ముతున్న కప్పు బొమ్మ. వెనకవైపు పదార్థాల జాబితా ఉండాల్సిన చోట తెల్లటి స్టిక్కరు. దాని మీద ధర, తేదీ, బ్యాచ్ నంబరు. మా తమ్ముడు మరుగుతున్న నీళ్ల ఆవిరికి డబ్బాను కాసేపు పట్టి, స్టిక్కరు మూలను గోటితో లేపి, చినగకుండా మెల్లగా తీశాడు. కింద చీమ తలకాయంత అక్షరాలు. మొదటి పదార్థం చక్కెర. రెండోది ‘నాన్ డెయిరీ క్రీమర్’, అంటే పాలకు బదులుగా కలిపే పొడి. అందులో ఏమున్నాయో పక్కనే ఉంది: గ్లూకోజ్ సిరప్, పామ్ నూనె, సోడియం కేసినేట్. ఆ తరువాత పసుపు, శొంఠి. బాదం వాటికీ తరువాతే, నాలుగు శాతం. జాబితాలో ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు, తక్కువదాన్ని తరువాత రాయాలన్నది నియమం. అంటే బొమ్మలో కనిపించిన బాదం కుప్ప మనకు అమ్మింది చక్కెరను, నూనె పొడిని.

సోడియం కేసినేట్ అంటే ఏమిటో చెప్పాలి. వెన్న తీసిన పాలను ఆమ్లంతో విరగ్గొడితే గడ్డకట్టే ప్రోటీన్ పేరు కేసిన్. దాన్ని కడిగి, సోడియం క్షారంతో కలిపి ఆరబెడితే నీళ్లలో కరిగే తెల్లటి పొడి వస్తుంది. అదే సోడియం కేసినేట్. నూనెనూ నీళ్లనూ విడిపోకుండా పట్టి ఉంచుతుంది, పానీయానికి పాలలాంటి తెలుపు, చిక్కదనం ఇస్తుంది. ‘నాన్ డెయిరీ’ అని పేరు పెట్టుకున్న క్రీమర్లలో చాలావాటికి ఇదే ప్రాణం. పాల ఎలర్జీ ఉన్నవారిలో ఒంటికి పడని ముఖ్యమైన ప్రోటీన్లలో కేసిన్ ఒకటి. మరిగించినా దాని గుణం పోదు. పోతుందనుకుని ‘బాగా కాచి ఇస్తే ఏమీ కాదు’ అని సలహా ఇచ్చే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వారికి ఈ మాట చెప్పండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవారికి చాలాసార్లు అరగనిది లాక్టోస్ అనే పాల చక్కెర. అది ఇబ్బందే కానీ ప్రాణం మీదికి రాదు. ఎలర్జీ వేరు. అందులో ప్రోటీన్ రవ్వంత లోపలికి వెళ్లినా దద్దుర్లు, వాపు, వాంతులు, ఊపిరి ఆడకపోవడం దాకా పోవచ్చు. దుకాణదారులు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. ‘లాక్టోస్ లేదు’ అని రాసి ఉన్నది ఎలర్జీ ఉన్నవారికి పనికొస్తుందని అనుకోకండి. లాక్టోస్ తీసేసిన పాలు కూడా పాలే. మేక పాలు పడతాయన్న మాటా నమ్మవద్దు, ఆవు పాల ఎలర్జీ ఉన్నవారిలో చాలామందికి మేక పాలు, గేదె పాలు కూడా పడవు.

డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉంది కదా అని ఒక బంధువు అడిగారు. అది శాకాహారమని చెప్పే గుర్తు మాత్రమే. మన దేశంలో పాలు, నెయ్యి, వెన్న అన్నీ ఆ గుర్తుతోనే వస్తాయి. జంతువుల నుంచి వచ్చిన పదార్థాలేవీ లేవని చెప్పేందుకు 2022లో వీగన్ ఆహారం నియమాలు వచ్చాయి. వాటికి వేరే గుర్తు ఉంది, ఇంగ్లిషు ‘వీ’ అక్షరం, దాని మీద చిన్న ఆకు. ఆ డబ్బా మీద ఆ గుర్తు లేదు. దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు మాత్రం ఉంది. ఆ నంబరు వ్యాపారికి లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందని చెబుతుంది, లోపల ఏముందో పరీక్షించారని చెప్పదు.

2020 నాటి లేబులింగ్ నియమాల ప్రకారం ఎలర్జీ కలిగించే పదార్థాలను విడిగా ప్రకటించాలి. పాలు, పాల పదార్థాలు ఆ జాబితాలో ఉన్నాయి. వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, గుడ్లు, చేపలు కూడా ఉన్నాయి. మేం కొన్న డబ్బా మీద ఆ ప్రకటన ఎక్కడా లేదు, స్టిక్కరు కిందా లేదు.

కొనేముందు జాబితాలో వెతకాల్సిన పేర్లు ఇవి: కేసిన్, సోడియం కేసినేట్, కాల్షియం కేసినేట్, వే (whey, పాలు విరిగాక మిగిలే నీరు) పొడి, వే ప్రోటీన్, మిల్క్ సాలిడ్స్, ఎస్ఎంపీ అని పొట్టిగా రాసే వెన్న తీసిన పాలపొడి, లాక్టాల్బుమిన్, బటర్ ఆయిల్. మాల్టోడెక్స్ట్రిన్ పేరు చూసి కొందరు భయపడతారు, అది పిండి పదార్థం, పాలతో సంబంధం లేదు. అన్నిటికంటే ఆశ్చర్యపడే సంగతి ఒకటి చెబుతాను. ప్యాకెట్లలో దొరికే కొబ్బరి పాల పొడుల్లో కూడా చాలావాటిలో సోడియం కేసినేట్ కలుపుతారు. కొబ్బరి బొమ్మ చూసి నిశ్చింతగా తెచ్చుకోవద్దు. రాత్రిపూట బండ్ల మీద అమ్మే వేడి బాదం పాలు సాధారణంగా మామూలు పాలే. కార్యాలయాల్లో యంత్రం నుంచి వచ్చే టీ, కాఫీ పొడుల్లో సాధారణంగా పాలపొడి ఉంటుంది.

నిమ్మరసం పిండి చూస్తే తెలిసిపోతుందని ఎవరో చెప్పారు. ఆ పరీక్షను నమ్మకండి. పులుపు తగిలితే జీడిపప్పు పాలు, కొబ్బరి పాలు కూడా విరుగుతాయి. ఇంట్లో పట్టుకోగల కల్తీలు వేరే ఉన్నాయి. గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలేస్తే మంచి పసుపు లేత రంగు వదులుతూ అడుక్కు చేరుతుంది, రంగు కలిపినది నీళ్లను ముదురు పసుపుగా మార్చేస్తుంది. మిరియాలు నీళ్లలో మునుగుతాయి, వాటిలో కలిపిన బొప్పాయి గింజలు తేలుతాయి. పాల ప్రోటీన్ సంగతి మాత్రం ప్రయోగశాలే తేల్చాలి.

దుకాణానికి వెళ్లేముందు మా తమ్ముడు మంచి పని చేశాడు. అదే బ్యాచ్ నంబరు ఉన్న, మూత తీయని డబ్బా మరొకటి బిల్లుతో కొని ఇంట్లో పెట్టాడు. తరువాతే మేం వెళ్లి అడిగాం.

‘కేసినేట్ పాలు కాదు మేడమ్, పొడి ఉండకట్టకుండా వేసేది’ అన్నారు దుకాణం ఆయన.

‘పాల నుంచి తీసింది కాదా బాబూ?’

నీళ్లు నమిలారు. తయారీదారు మీదికి నెట్టారు. స్టిక్కరు ఎవరు అతికించారంటే తనకు తెలియదన్నారు. చివరికి ‘డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాను, డబ్బా ఇచ్చేయండి’ అన్నారు. ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి. డబ్బా చేతులు మారితే మన దగ్గర ఉండేది మాట ఒక్కటే. ఎవరికైనా పిల్లకు జరిగింది విన్నాక మొదట రావాల్సిన మాట ‘ఇప్పుడెలా ఉంది’ అని. అది మాత్రం రాలేదు.

ఫిర్యాదుకు దారులు ఉన్నాయి. జిల్లాలో ఆహార భద్రత అధికారి ఉంటారు, రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోవాలి. 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు. కొన్నవారే రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. మూత తీయని డబ్బా ఉపయోగపడేది ఇక్కడే, తీసిన డబ్బా అయితే ఇంట్లో మీరే ఏదో కలిపారని వాదిస్తారు. తప్పుడు లేబులుతో అమ్మితే అదే చట్టం 52వ సెక్షన్ కింద మూడు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆస్పత్రి కాగితాలు, బిల్లు, డబ్బా నాలుగు వైపులా తీసిన ఫోటోలు జాగ్రత్త చేయండి.

మరి పిల్లకు చలిలో ఏమివ్వాలి? మన జిల్లాలో ఈ ప్రశ్న రావడమే నాకు బాధగా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం కొబ్బరి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చేసిన తోటల నేల అది. పలాస జీడిపప్పు ఉంది. పక్క జిల్లా సీతంపేట కొండల పసుపు సంతకు వస్తుంది. ఇవన్నీ చేతి దూరంలో ఉండగా మనం పామ్ నూనె పొడికి నాలుగు వందల యాభై పోస్తున్నాం.

మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది ఇది, నలుగురికి సరిపోతుంది. ఒక ముదురు కొబ్బరికాయ తురిమి, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, పలుచని బట్టలో పిండితే చిక్కని పాలు వస్తాయి. పక్కన పెట్టండి. పిప్పిలో రెండు గ్లాసుల వేడినీళ్లు పోసి మళ్లీ రుబ్బి పిండితే పలుచని పాలు. అంగుళం శొంఠి ముక్క, ఎనిమిది మిరియాలు, రెండు లవంగాలు, మూడు ఏలకులు, చిన్న దాల్చినచెక్క కచ్చాపచ్చాగా దంచి, అర చెంచా పసుపుతో కలిపి గ్లాసు నీళ్లలో సన్నని సెగ మీద పది నిమిషాలు మరగనివ్వండి. పసుపుకు మిరియం తోడుంటే దాని సారం ఒంట్లోకి బాగా చేరుతుంది, కాబట్టి మిరియం మానకండి, చిన్నపిల్లలకైతే తగ్గించండి. వడకట్టి పలుచని పాలు పోసి, ఆవిరి వచ్చేదాకా ఉంచి దించేయండి. దించాకే చిక్కని పాలు కలపాలి, పొయ్యి మీద తెర్లనిస్తే కొబ్బరి పాలు విరిగి నూనె తేలుతుంది. బెల్లం విడిగా కరిగించి, మట్టి పోయేలా వడకట్టి చివర్లో కలపండి.

జీడిపప్పుతో అయితే ఇంకా తేలిక. గుప్పెడు పలుకులు రెండు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బితే వడకట్టే పని లేదు. గింజల ఎలర్జీ ఉన్నవారికి మాత్రం ఇవ్వకూడదు. మరో మాట, మజ్జిగ తిప్పిన జారులో ఈ పాలు రుబ్బకండి. ఎలర్జీ ఉన్న పిల్లలకు జారు, గరిటె, వడపోత బట్ట విడిగా ఉంచండి.

సంక్రాంతికి బంధువులు పిల్లలతో ఊళ్లకు వస్తారు. మీ ఇంట్లో ఇలాంటి పొడి డబ్బా ఉంటే, వెనక జాబితా మీద స్టిక్కరు ఉంటే, పాలు పడని పిల్లలకు అది ఇవ్వకండి. పారేయకండి కూడా. బిల్లుతో సహా దాచి, బ్యాచ్ నంబరు ఫోటో తీసుకుని 1915కు ఫోను చేయండి. పిల్లకు ఊపిరి ఆడటం కష్టమైతే మాత్రం ఇవేవీ చూడకుండా ముందు 108కి చేయండి.