నల్లగొండ బోరు నీళ్లతో 6 ఎండకాలాలు: 60 లీటర్ల డెజర్ట్ కూలర్ సమీక్ష

కూలర్ మంచిదే, పోసే నీళ్లతోనే చిక్కు. నల్లగొండ బోరు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తది గానీ, కూలర్‌ను తినేది సున్నం. నీళ్లు ఆవిరైతయి, సున్నం ట్యాంకులోనే ఉండిపోతది. ఖాళీ అయినంత మేర పైనుంచి నింపుకుంటూ పోతే నీళ్లు రోజురోజుకూ చిక్కనైతయి. రెండు రోజులకోసారి అడుగు బిరడా తీసి మొత్తం వదిలేయాలి. దోమల పురుగులు పడకుండా ఉండాలన్నా ఇదే దారి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు సరిపడా వస్తే బోరు జోలికే పోవద్దు.

గాలి వేడిగా వస్తుంటే ముందు ప్యాడ్ చూడండి. తడి మధ్యల పొడి చారలు కనిపిస్తే పై గొట్టం రంధ్రాలు సున్నంతో పూడినట్టే. ఆ చారల గుండా వేడిగాలి నేరుగా లోపలికొస్తది. దబ్బనంతో పొడిస్తే సరి.

పంపు గుయ్‌మంటది గానీ నీళ్లెక్కవు. కొత్త పంపు కొనకండి. ప్లగ్ పీకి, కింది జాలిమూత తీస్తే చిన్న రెక్క చేతికొస్తది. మూతను, రెక్కను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో గంట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలాసార్లు మళ్లీ తిరుగుతది. ప్లాస్టిక్ ట్యాంకయితే నెలకోసారి 20 లీటర్ల నీళ్లలో 300 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఫ్యాన్ బంద్ పెట్టి పంపు ఒక్కటే అరగంట నడపాలి. తర్వాత రెండుసార్లు మంచి నీళ్లతో కడగాలి. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు. రేకు కూలర్‌కయితే నిమ్మ ఉప్పు కూడా వద్దు, జింకు పూత పోతది.

తేనెపట్టు గళ్లుండే కాగితపు ప్యాడ్లు (హనీకోంబ్) ఈ నీళ్లకు 3 ఎండకాలాలు ఆగినయి. గట్టిగా రుద్దితే కాగితం చినుగుతది. గడ్డి ప్యాడ్లయితే ఏటా మార్చుడే.

వాసనకు మందు చాలా సులువు: ఆపే ముందు పంపు బంద్ చేసి, ఫ్యాన్ ఒక్కటే 15 నిమిషాలు తిప్పాలి. ప్యాడ్ ఆరితే వాసన పుట్టదు.

ఒళ్లు జిడ్డుగా ఉందంటే తప్పు కూలర్‌ది కాదు, మూసిన కిటికీది. కూలర్ వీపు బయటి గాలికి ఉండాలి, ఎదురుగా కిటికీనో తలుపో తెరిచి ఉండాలి. ఏసీ అలవాటున్నోళ్లకు ఇది చెప్పి ఒప్పించుడు కష్టం!

ఫ్యాన్ మెల్లగా మొదలైతే కెపాసిటర్‌ను (మోటారును తిరగనిచ్చే చిన్న డబ్బాను) అనుమానించాలి. పాతదాని మీద 4 మైక్రోఫారడ్ అని ఉంటే అదే విలువది తేవాలి. ప్లగ్ పీకినంక కూడా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు, తీగలు ముట్టొద్దు. రేకు కూలర్‌కు ఎర్తింగ్ లేకుంటే ఆన్ చేయనే వద్దు.

గాలిలో తేమ 20 శాతమున్న 42 డిగ్రీల మధ్యాహ్నం మంచి ప్యాడ్ 27 దాకా దించుతది. మృగశిర దాటి వానలు పడి 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నప్పుడు 29 దగ్గరే ఆగుతది. అప్పుడు మెకానిక్‌ను పిలిచి లాభం లేదు. పంపు ఆపి ఫ్యాన్ తిప్పుకోండి.