శాంటా క్రూజ్ హార్బర్: చలికాలంలో ఆ మొగ దాటాలంటే

కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ చిన్న పడవల హార్బర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది లోతుల పటం. మొగలో, అంటే సముద్రం నుంచి హార్బర్‌లోకి వచ్చే దారిలో, ఎక్కడ ఎన్ని అడుగుల నీరుందో కొలిచి, అంకెలు వేసి వెబ్‌సైట్‌లో పెడతారు. లాంచ్ ర్యాంపు, డీజిల్, టాయిలెట్లు, హోటళ్లు అన్నీ ఉన్నాయి, వాటి గురించి ఎవరైనా చెబుతారు. సన్నీవేల్ నుంచి హైవే 17 మీద కొండ దాటి, 22 అడుగుల తెరచాప పడవను ట్రైలర్ మీద లాక్కెళ్లే నేను మాత్రం నవంబరు వచ్చిందంటే ఆ పటం చూడకుండా ఇల్లు కదలను.

ఎందుకంటే చలికాలంలో ఈ మొగ పూడిపోతుంది. ఈ తీరం వెంబడి ఇసుక పడమటి నుంచి తూర్పుకు నడుస్తూ ఉంటుంది. 1964లో తెరిచిన ఈ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి కట్టలు ఆ నడకకు అడ్డొచ్చాయి. పడమటి పక్కనున్న సీబ్రైట్ బీచ్ వెడల్పయింది, తూర్పున కాపిటోలా బీచ్ ఇసుక పోగొట్టుకుంది. ఇప్పుడు పెద్ద అలలు వచ్చినప్పుడల్లా ఇసుక పడమటి కట్ట కొసను చుట్టి వచ్చి సరిగ్గా మొగలో మేట వేస్తుంది. నేను విశాఖవాణ్ణి. అక్కడ పోర్టు దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌కు కొట్టడం ఎరిగినవాణ్ణి కాబట్టి ఇది కొత్తగా అనిపించలేదు. ఇక్కడ 1986 నుంచి హార్బర్‌కు సొంత డ్రెడ్జర్ (ఇసుక తోడే పడవ) ఉంది. ఇప్పుడున్న 'ట్విన్ లేక్స్' 2016లో వచ్చింది. చలికాలమంతా ఇసుక తోడి, గొట్టాల్లో తూర్పు పక్క బీచ్‌కు పంపుతుంది. కుళ్లిన నాచు కలిసిన ఇసుక వచ్చిన రోజు ముక్కు మూసుకోవాల్సిందే. అయినా ఆ డ్రెడ్జర్ పని చేస్తూ కనబడితే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

మన దగ్గర పడవ నడపడం నేర్చుకుని వచ్చినవాళ్లకు ఒక మాట. విశాఖలో లోపలికి వచ్చే పడవకు ఎడమ పక్క ఎర్ర గుర్తులు ఉంటాయి. అమెరికాలో అది తిరగబడుతుంది, ఎడమన ఆకుపచ్చ, కుడిన ఎరుపు. ఇక్కడ పడమటి కట్ట మీదున్న వాల్టన్ లైట్‌హౌస్ ఆకుపచ్చగా వెలుగుతుంది, లోపలికి వస్తున్నప్పుడు అది మన ఎడమ చేతి వైపే ఉండాలి. చీకట్లో అలిసిపోయి వస్తున్నప్పుడు పాత అలవాటు పైకి తేలుతుంది, జాగ్రత్త.

ఇక ఆ ఫిబ్రవరి శనివారం సంగతి. పొద్దున నీరు ఎక్కిన పోటు మీద నేనూ మా బావా బయటికెళ్లాం. పటంలో తూర్పు కట్ట పక్కన 10 అడుగులు ఉంది. చలికాలంలో ఇక్కడ నీరు వెనక్కి తీసి బాగా లోతు తగ్గే పాట్లు మధ్యాహ్నం పూట వస్తాయి కాబట్టి, అంతకు ముందే వచ్చేయాలని అనుకున్నాం. రాత్రికి వస్తుందన్న స్వెల్ (దూరపు తుఫాన్ల నుంచి వచ్చే పెద్ద అలలు) పదకొండు గంటలకే వచ్చేసింది. నడిసముద్రంలో అది తెలియలేదు, పడవ మెల్లగా లేచి దిగుతోంది అంతే. మొగ దగ్గరికొచ్చి చూస్తే అలలు ఈ కట్ట నుంచి ఆ కట్ట దాకా నిలువుగా లేచి విరుగుతున్నాయి.

"ఒరేయ్, తిప్పెయ్‌రా," అన్నాడు బావ. తిప్పేశాను. రేడియోలో హార్బర్ గస్తీ వాళ్లను పిలిస్తే, పాటు తిరిగేదాకా బయటే ఉండమన్నారు. ఎరుపు, తెలుపు చారల బోయా దగ్గర సాయంత్రం దాకా తిరుగుతూ ఉన్నాం. టెన్షన్ నాకే ఎక్కువ, బావ పులిహోర డబ్బా ఖాళీ చేశాడు. నీరు ఎక్కుతున్నప్పుడు గస్తీ మనిషి కట్ట మీదికొచ్చి అలలు లెక్కపెట్టి, పెద్ద గుంపు దాటిపోగానే "ఇప్పుడు రండి, తూర్పు కట్టకు దగ్గరగా" అని రేడియోలో చెప్పాడు. మోటారు పూర్తిగా ఇచ్చి దూరాం. పటంలో 10 అడుగులున్నచోట మా ఎకోసౌండర్ (లోతు కొలిచే పరికరం) 6 చూపించింది. అదీ నీరు ఎక్కిన తర్వాత. మా కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక) దించితే 5 అడుగులు, సగం ఎత్తి ఉంచాం కాబట్టి తగల్లేదు. ఆ మనిషికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

అంతకు ముందు అడిగినవాళ్లందరికీ పటం ఉంటే చాలని చెప్పేవాణ్ణి. ఇప్పుడు, కొలిచిన తేదీ చూడమంటాను. ఒక్క పెద్ద తుఫాను అలల రాత్రి దాటితే అందులో అంకెలు పాతబడిపోతాయి. ఆ అంకెలు కూడా సగటు పాటు మట్టానికి వేసినవి. పాటు అంతకన్నా కిందికి దిగే రోజున ఆ తేడా తీసేసుకోవాలి, బయట అల ఎత్తును విడిగా లెక్కేసుకోవాలి.

మే నుంచి అక్టోబరు దాకా పిల్లలతో వెళ్లడానికి మాకు ఇంతకన్నా మంచి హార్బర్ దగ్గరలో లేదు. చలికాలంలో మేం ఎక్కువగా మాస్ ల్యాండింగ్ అనే మరో హార్బర్‌కు పోతున్నాం. అక్కడ మాంటెరీ సముద్రగర్భ లోయ హార్బర్ ముందు నుంచే మొదలవుతుంది, తీరం వెంట వచ్చే ఇసుక అందులోకి జారిపోతుంది. దారి దూరమే, పైగా గాలి పడితే అక్కడా తేలిక కాదు. మాది ట్రైలర్ పడవ గనక ఈ ఎంపిక ఉంది. ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి శాంటా క్రూజ్‌లో బెర్త్ (పడవ కట్టేసుకునే చోటు) సంపాదించుకున్నవాళ్లకు, పైకెత్తలేని కీల్ ఉన్నవాళ్లకు నా లెక్క పనికిరాకపోవచ్చు. వాళ్లు డ్రెడ్జర్ సిబ్బందితో నాలుగు మాటలు మాట్లాడి బయల్దేరడం మంచిది.