జెంటింగ్ హైలాండ్స్: కాసినో గడప తొక్కకుండానే రోజంతా

కాసినో ఉన్న చోటికి అత్తయ్యనీ పిల్లల్నీ వేసుకుని ఏం వెళ్తాం అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. వెళ్లొచ్చాక చెబుతున్నాను, కౌలాలంపూర్ దాకా వెళ్లినవాళ్లు జెంటింగ్ అనే ఈ కొండమీది రిసార్టుకి ఒక పూట కాదు, ఒక రాత్రి కేటాయించండి.

మలేషియాలో చట్టబద్ధంగా నడిచే కాసినో ఇదొక్కటే. 21 ఏళ్లు నిండనివాళ్లని లోపలికి రానివ్వరు, అక్కడి ముస్లింలకీ ప్రవేశం లేదు. మా వారు ఒకసారి చూసొచ్చారు. మిగతావాళ్లం అటువైపు తొంగి చూడలేదు, ఆ అవసరమూ రాలేదు.

అసలు సరదా కొండ ఎక్కడంలోనే ఉంది. అవానా స్టేషన్‌లో కేబుల్ కార్ ఎక్కితే కాళ్ల కింద దట్టమైన అడవి. ఉన్నట్టుండి మబ్బులోకి దూరతాం, ముందు వెళ్తున్న కారు కూడా కనిపించదు. గాజు నేల ఉన్న కారుకి టికెట్ ఎక్కువ. ఎత్తంటే భయపడేవాళ్లుంటే మామూలుదే చాలు, పక్క అద్దాల్లోంచి అంతా బాగానే కనిపిస్తుంది.

దారిలో చిన్ స్వీ అనే స్టేషన్ వస్తుంది. "అక్కడ చూడ్డానికేం లేదండీ, టైం వేస్టు" అన్నాడు మా ప్యాకేజీ ఏజెంటు. ఆ మాట వినకండి, దిగండి. అదే టికెట్‌తో మళ్లీ ఎక్కొచ్చు. ఈ రిసార్టు కట్టిన లిమ్ గో టోంగే కొండవాలులో అక్కడి చిన్ స్వీ గుడినీ కట్టించాడు. 9 అంతస్తుల పగోడా, పెద్ద బుద్ధ విగ్రహం చాలా బాగున్నాయి కానీ, నాకు గుర్తుండిపోయింది నరకంలోని 10 మజిలీలను శిల్పాలతో చూపించే దారి. పాపం చేసినవాళ్లని కొయ్యడం, కాల్చడం, ఏదీ దాచలేదు. అత్తయ్య ప్రతి శిల్పం ముందూ ఆగి, "వీడు అబద్ధాలాడి ఉంటాడురా, అదిగో చిత్రగుప్తుడు చిట్టా చదువుతున్నాడు" అంటూ గరుడ పురాణం మొత్తం అక్కడే చెప్పేశారు. మావాడు ప్రశ్నల మీద ప్రశ్నలు. చిన్నది మాత్రం నాయనమ్మ కొంగు వదల్లేదు, బాగా చిన్నపిల్లలుంటే ఈ దారి మానెయ్యండి.

పైన రెండు థీమ్ పార్కులున్నాయి. స్కైట్రోపాలిస్ పైకప్పు కింద ఉంటుంది. 2022లో తెరిచిన స్కైవరల్డ్స్ ఆరుబయట, చాలా పెద్దది. దాదాపు 6,000 అడుగుల ఎత్తు కదా, పొగమంచు, వాన ఎప్పుడొస్తాయో చెప్పలేం. అందుకే పొద్దున్నే ఆకాశం చూసి టికెట్ కొనుక్కోవడం మంచిది. రైడ్లకి పిల్లల ఎత్తు నిబంధన ఉంటుంది, కొనేముందే కొలిపించుకోండి, లేకపోతే క్యూలో నిలబడ్డాక ఏడుపులు. ఐదేళ్ల లోపు పిల్లలకి స్కైట్రోపాలిస్ సరిపోతుంది.

సాయంత్రం స్కైఅవెన్యూ మాల్‌లో పైనుంచి తీగలకు వేలాడే దీపాల గోళాలు పాటకి తగ్గట్టు కిందికి దిగి, రంగులు మారి, అలల్లా కదులుతాయి. టికెట్ లేదు. కాళ్లు నొప్పులని కూర్చుండిపోయిన అత్తయ్య దీని కోసం లేచి నిలబడ్డారు.

బస ఫస్ట్ వరల్డ్ హోటల్లో. 7,351 గదులతో గిన్నిస్ రికార్డుకెక్కిన హోటల్ ఇది. గది తాళం మిషన్ దగ్గర మనమే తీసుకోవచ్చు. పెద్దవాళ్లకి శాలువా, పిల్లలకి స్వెటర్ తప్పనిసరి. వీలైతే శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజుల్లో వెళ్లండి.