పెనుకొండ నుంచి మరైమలై నగర్ దాకా: కార్ల ఫ్యాక్టరీల దారిలో ఐదు రోజులు

సంక్రాంతి అయిన వారానికి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయికి మెకానికల్ డిప్లొమా అయిపోయింది, రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది, ఒకటి పెనుకొండ దగ్గర, ఇంకొకటి చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్‌లో. రెండూ కార్ల కంపెనీలకు విడిభాగాలు సరఫరా చేసే వెండర్ కంపెనీలే, జీతంలో తేడా పదిహేను వందలు. "నువ్వు ఆ లైన్‌లోనే ఉన్నావు కదరా, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అంది. నేను హైదరాబాద్‌లో ఒక విడిభాగాల సంస్థలో పదిహేడేళ్లుగా ఖర్చుల లెక్కలు చూస్తున్నాను. ఫోన్‌లోనే ఒక మాట చెప్పేయొచ్చు, కానీ పిల్లాడు బతకాల్సిన ఊరిని చూడకుండా చెప్పబుద్ధి కాలేదు. వాణ్ణి కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. పెనుకొండ, శ్రీసిటీ, శ్రీపెరంబుదూర్, మరైమలై నగర్, మొత్తం ఐదు రోజులు.

హైదరాబాద్ నుంచి పెనుకొండకు బెంగళూరు హైవే మీద దాదాపు 430 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అనంతపురం చేరాం. పొద్దున కర్నూలు దాటాక తిన్న ఉగ్గాణి, బజ్జీ ఇద్దరికీ కలిపి 110 రూపాయలు, ఈ ప్రయాణం మొత్తంలో పెట్టిన డబ్బుకు అంతకన్నా తృప్తి ఇచ్చింది ఇంకోటి లేదు. పెనుకొండ దగ్గర పడుతుంటే ఎర్రమంచి వద్ద హైవే పక్కనే కొరియా కంపెనీ కియా వాళ్ల కార్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 536 ఎకరాలు. అనుమతి లేకుండా లోపలికి పంపరు, అడిగి లాభం లేదు, బయటి నుంచి చూడటమే.

2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది, 2019 ఆగస్టుకల్లా ఇక్కడ తయారైన మొదటి కారు సెల్టోస్ మార్కెట్‌లో ఉంది. రెండేళ్లు దాటి నాలుగు నెలలు, అంతే. 2023 జులైకి పది లక్షల కార్లు బయటికొచ్చాయి. ఈ వేగం ఎంత ముఖ్యమో లెక్కలు చూసేవాడిగా చెప్తాను. ఫ్యాక్టరీలో పెయింట్ షాప్ (రంగు వేసే విభాగం) ఉంటుంది, ప్రెస్ షాప్ (రేకుల్ని ఒత్తి బాడీ భాగాలు చేసే విభాగం) ఉంటుంది, వాటి మీద పెట్టిన వేల కోట్లకు వడ్డీ, అరుగుదల మొదటి కారు తయారైనా కాకపోయినా నడుస్తూనే ఉంటాయి. ఏడాదికి మూడు లక్షల కార్లకు కట్టిన ఫ్యాక్టరీలో మూడు లక్షలూ తయారైతే ఆ ఖర్చు ఒక్కో కారు మీద కొద్దికొద్దిగా పడుతుంది, అరవై వేలే తయారైతే ఐదింతలు పడుతుంది. ఆ అదనపు ఖర్చును ధరలో కలిపితే పక్క కంపెనీ కారు కొంటారు, కలపకపోతే నష్టం. కార్ల వ్యాపారంలో సగం కథ ఇదే.

మా వాళ్లు మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేదు, 2005లో విశాఖకు ఫోక్స్‌వాగన్ వస్తుందని ఎంత ఆశపడ్డామో. ఆ ప్రాజెక్టు కోసమని ప్రభుత్వం 11 కోట్లు కట్టడం, అది గొడవై సీబీఐ దాకా వెళ్లడం, చివరికి ఆ ఫ్యాక్టరీ పుణె పక్కన చాకన్‌లో పెట్టడం, అన్నీ పేపర్లో చదివాం. ఆ తర్వాత పన్నెండేళ్లకు గానీ రాష్ట్రానికి ఇంత పెద్ద కార్ల ఫ్యాక్టరీ రాలేదు, అదీ వర్షం సరిగ్గా పడని జిల్లాకు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి కాబట్టి సాధ్యమైంది. మా మేనల్లుణ్ణి ఆ రిజర్వాయర్ దగ్గరికి ప్రత్యేకంగా తీసుకెళ్లి చూపించాను.

బస సంగతి. పెనుకొండలో ముందుగా గది బుక్ చేసుకోకుండా వెళ్లొద్దు. మేం మూడు లాడ్జీలు తిరిగాం, రెండింటిలో గదులన్నీ కంపెనీల పేరు మీద నెలల తరబడి తీసుకున్నవే. మూడోదాంట్లో 1,600 రూపాయలకు ఒక గది దొరికింది. మంచాలు బాగున్నాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం పొద్దున ఏడు దాకానే. బల్లారి, తిరుపతి లాంటి ఊళ్లలో ఇదే గదికి వెయ్యి కూడా ఇవ్వను, కానీ ఇక్కడ ఖాళీలే లేవు, రేటు వాళ్లు చెప్పిందే. కొరియా భాషలో బోర్డులున్న హోటళ్లు కనిపించాయి. మేం మాత్రం బస్టాండ్ దగ్గర రాగి సంగటి, చింతాకు పప్పు తిన్నాం, మేం అడగకుండానే వడ్డించే ఆమె రెండోసారి నెయ్యి వేసింది. సాయంత్రం గగన్ మహల్ చూశాం. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికే మారింది, ఇంత చరిత్ర ఉన్న చోట ఒక మంచి గైడ్ కూడా లేకపోవడం బాధ అనిపించింది.

నాకు ఈ ప్రయాణంలో ఎక్కువ నేర్పింది ఒక ట్రైలర్ డ్రైవర్. హైవే ధాబా వెనక కార్లు ఎక్కించుకునే పొడుగాటి ట్రైలర్లు ఏడెనిమిది ఆగి ఉన్నాయి. ఆయన రాజస్థాన్ మనిషి, ఆరేళ్లుగా ఈ రూట్‌లో తిరుగుతున్నాడట, తెలుగు బాగానే మాట్లాడాడు. "అన్నా, ఇక్కడి నుంచి ఢిల్లీ వైపు కార్లు తీసుకుపోతాం, వచ్చేటప్పుడు అటు నుంచి వేరే కంపెనీ లోడ్ దొరికితే మా ఓనర్‌కు నాలుగు రూపాయలు, దొరక్కపోతే ఖాళీ బండి రెండు వేల కిలోమీటర్లు తోలాల" అన్నాడు. ఆ ఖాళీ బండి డీజిల్ ఎవరి మీద పడుతుంది? తిరిగి తిరిగి కిరాయిలోకి, అక్కణ్ణుంచి కారు ఖర్చులోకే వస్తుంది. పెనుకొండ నుంచి చెన్నై పోర్టుకు నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, ఎగుమతి కార్లన్నీ ఆ దూరం పోవాలి. ఇంజిన్లేమో తమిళనాడు నుంచి ఇటు రావాలి. దక్షిణ కొరియా నుంచి వచ్చిన మోబిస్ లాంటి పెద్ద వెండర్లు ఫ్యాక్టరీ పక్కనే యూనిట్ పెట్టుకున్నారు, ఆ మేరకు రవాణా తగ్గుతుంది, కానీ చిన్న చిన్న భాగాలు చేసేవాళ్లు ఇంకా చెన్నై చుట్టూనే ఎక్కువ. పెనుకొండకు భూమి, నీళ్లు, రాయితీలు, బెంగళూరు దగ్గరగా ఉండటం కలిసొచ్చాయి. దూరం మాత్రం రోజూ కట్టే కప్పం.

మూడో రోజు కదిరి, మదనపల్లె, తిరుపతి మీదుగా శ్రీసిటీ. తిరుపతిలో దర్శనానికి వెళ్లలేదు, కింద నుంచే దండం పెట్టుకున్నాం. శ్రీసిటీ అంటే తడ పక్కనే ఉన్న పెద్ద పారిశ్రామికవాడ, చెన్నైకి 55 కిలోమీటర్లు. ఇక్కడ ఇసుజు ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది, 107 ఎకరాలు, డీ-మ్యాక్స్ పికప్‌లు ఇక్కడే తయారవుతాయి. శ్రీసిటీ తెలివంతా ఆ స్థలంలో ఉంది. భూమి, రాయితీలు ఆంధ్రప్రదేశ్‌వి, పోర్టులు, విడిభాగాలు తయారుచేసే వాళ్లు సరిహద్దు అవతల తమిళనాడులో. ఒక వైపు ఎన్నూరు, చెన్నై పోర్టులు, ఇంకో వైపు కృష్ణపట్నం. మా ఆఫీసులో సరుకు ఖర్చు వేసేటప్పుడు ఇలాంటి చోటు దొరికితే మేం ముందు దాన్నే రాసుకుంటాం.

ఉండటానికి మాత్రం నాకు నచ్చలేదు. లోపల హోటల్ గది 3,900, శుభ్రతలో వంక పెట్టడానికి లేదు, కానీ రాత్రి బయటికి నడిచి వెళ్లి ఒక టీ తాగుదామంటే దుకాణం లేదు. చేసేదిలేక కారు తీసి తడ దాకా వెళ్లి దోసెలు తిని వచ్చాం. ఆఫీసు పని మీద వచ్చి కంపెనీ డబ్బు కట్టేవాళ్లకైతే సరే, సొంత డబ్బుతో వెళ్లేవాళ్లు సూళ్లూరుపేటలో ఉండటం మేలు.

నాలుగో రోజు శ్రీపెరంబుదూర్. ఇక్కడ జరిగింది చెప్పాలి. ఆన్‌లైన్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ బుక్ చేశాను, 2,600 రూపాయలు ముందే కట్టాను. వెళ్తే "మీ గది ఒక కంపెనీ వాళ్లకు ఇచ్చేశాం, రెండు గంటలు ఆగండి" అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే యాప్‌ను అడగమన్నారు, యాప్ వాళ్లు ఓనర్‌ను అడగమన్నారు. చివరికి మూడున్నర గంటల తర్వాత వేరే బిల్డింగ్‌లో గది ఇచ్చారు, ఫ్యాన్ శబ్దానికి నిద్ర లేదు. ఇక్కడ ముందే డబ్బు కట్టకండి, వెళ్లి గది చూసుకుని కట్టండి. తిండికి లోటు లేదు, ఆంధ్రా మెస్‌లు కనీసం నాలుగు కనిపించాయి, మేం తిన్నచోట గోంగూర, పప్పు, రెండు కూరలు, పెరుగుతో 120. వడ్డించే అబ్బాయిది కందుకూరు. పొద్దున రామానుజాచార్యులు పుట్టిన ఊరు కదా అని ఆదికేశవ పెరుమాళ్ గుడికి వెళ్లాం, ప్రశాంతంగా ఉంది.

ఊరికి దగ్గర్లోనే ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్. 1996లో కంపెనీ పెట్టారు, 1998లో శాంట్రో వచ్చింది, అప్పటి నుంచి చుట్టూ వెండర్లు చేరుతూ వచ్చారు. 2023-24లో హ్యుందాయ్ ఇండియా లాభం 6,060 కోట్లు, అమ్మిన కార్లు దాదాపు 7.78 లక్షలు. భాగించి చూస్తే కారుకు 78 వేల దగ్గర పడుతుంది. ఇక్కడి రెండు ప్లాంట్ల సామర్థ్యం 8.24 లక్షలు, అంటే నూటికి తొంభై నాలుగు వంతులు నిండుగా నడిచాయి. పోర్టు చూస్తే గంట, గంటన్నర దూరం. పొద్దున ఆరింటికి షిఫ్ట్ బస్సులు చూడాలి, ఒకదాని వెనక ఒకటి, అద్దాలకు తల ఆనించి నిద్రపోతున్న పిల్లలు. మా వాడు బస్సుల మీద రాసి ఉన్న కంపెనీల పేర్లు లెక్కపెట్టాడు, పందొమ్మిది దాకా వచ్చి ఆపేశాడు.

ఒరగడం మీదుగా సింగపెరుమాళ్ కోయిల్ రోడ్డు పట్టుకుని మరైమలై నగర్ వెళ్లాం. ఒరగడంలో రెనో-నిస్సాన్ ఫ్యాక్టరీ 2010లో వచ్చింది. దాని సంగతి ఇంకోసారి, ఎందుకంటే మరైమలై నగర్ చూశాక నాకు మిగతావి చెప్పాలనిపించడం లేదు.

ఇక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి ఎకోస్పోర్ట్ కార్లు అమెరికాకు కూడా వెళ్లాయి. చోటు మంచిదే, పోర్టు దగ్గర, వెండర్లు దగ్గర, పక్కనే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు, రైల్వే లైను. 2015లో గుజరాత్‌లోని సనంద్‌లో ఇంకో ఫ్యాక్టరీ తెరిచారు. రెండింటిలో కలిపి ఏడాదికి నాలుగు లక్షలకు పైగా కార్లు తయారు చేయొచ్చు, చివర్లో తయారైనవి అందులో ఐదో వంతుకు అటూ ఇటూ. పదేళ్లలో రెండు వందల కోట్ల డాలర్లకు పైగా నష్టమని చెప్పి 2021 సెప్టెంబర్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు. సనంద్ ప్లాంట్‌ను టాటా వాళ్లు 725.7 కోట్లకు కొన్నారు. ఇక్కడిది అలాగే ఉండిపోయింది, 2024లో ఎగుమతుల కోసం మళ్లీ వాడుకుంటామని ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది.

అంటే మంచి చోటు దొరికినా నిండుగా నడవకపోతే నిలబడదు. ఒక ఫ్యాక్టరీయే నిండనప్పుడు రెండోది కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడని నిర్ణయం. గేటుకు కాస్త దూరంలో టీ అమ్మే ఒకావిడ, అరవై ఏళ్లుంటాయి, నాకు వచ్చిన అరకొర తమిళంలో మాట్లాడాను. ఒకప్పుడు షిఫ్ట్ మారే వేళకు రెండు స్టవ్‌లూ వెలిగించి ఉండేవట. ఇప్పుడు ఒకటే వెలుగుతోంది, రెండోదాని మీద బిస్కెట్ డబ్బాలు పెట్టింది. మా వాడు టీ తాగుతూ చాలాసేపు ఆ రెండో స్టవ్ వైపే చూశాడు. స్టేషన్ దగ్గర లాడ్జి 900 రూపాయలు, అడగకుండానే తాగునీళ్ల సీసాలు పెట్టారు, ఐదు రోజుల్లో మర్యాదగా చూసింది వీళ్లే. గదులు చాలావరకు ఖాళీ.

ఆ రాత్రి మా వాడు ఒక మాట అడిగాడు. "మామా, నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీలు ఎవరెవరికి సరుకు ఇస్తాయో కనుక్కోవచ్చా?" నిజానికి నేను వాడికి చెప్పాలనుకున్నది అదే. మర్నాడు రెండు చోట్లకూ ఫోన్ చేశాడు. పెనుకొండ కంపెనీకి కొనేది ఒక్కరే. శ్రీపెరంబుదూర్ కంపెనీ ముగ్గురికి ఇస్తోంది, ఫోర్డ్ మూసినప్పుడు ఆ లైన్ మనుషుల్ని వేరే లైన్‌కు మార్చారట. పెనుకొండ మా ఊరికి దగ్గర, అక్కడ ఇంకో కార్ల కంపెనీ కూడా వస్తే ఒక్క క్షణం ఆలోచించను, అది రావాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ రోజుకు మాత్రం శ్రీపెరంబుదూర్‌లో చేరమని చెప్పాను, జీతం పదిహేను వందలు తక్కువైనా సరే.

అక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఒకటో తారీఖున వాడు చేరాడు. కందుకూరు అబ్బాయి చూపించిన గదిలో ముగ్గురు కలిసి ఉంటున్నారు, తలా 2,300, నీళ్లు బోరువి, కాస్త ఉప్పగా ఉంటాయట.